పోసేది నువ్వు, లెక్క వాడిది

స్వాతీ,

చిన్నూకి రెసిన్ బొమ్మలు, అంటే అచ్చులో పోస్తే గట్టిపడే జిగురు లాంటి ద్రవంతో చేసేవి, చేయిస్తూ లెక్కలూ సైన్సూ నేర్పొచ్చా అని అడిగావు. నేర్పొచ్చు. హైస్కూల్లో ఆ రెండు సబ్జెక్టులూ చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగానే చెప్తున్నా. కాకపోతే నువ్వు వీడియోల్లో చూసి మురిసిపోయే పోత ఉంది చూడు, అందులో పాఠం చాలా తక్కువ. పాఠమంతా పోయడానికి ముందూ, పోసిన తర్వాతా ఉంటుంది. ఎక్కాలు అచ్చేసిన కాగితాన్ని రెసిన్‌లో పెట్టి కీచైన్ చేస్తే వాడికి కీచైన్ వస్తుంది గానీ ఎక్కం రాదు.

ముందు జాగ్రత్తలు చెప్పేస్తాను. ఎపాక్సీ రెసిన్ రెండు సీసాలుగా వస్తుంది, ఒకటి రెసిన్, రెండోది హార్డెనర్. ఇంట్లో అరాల్డైట్ ట్యూబులు రెండు కలిపి అంటిస్తారే, ఇదీ ఆ జాతిదే. గట్టిపడక ముందు చర్మానికి తగిలితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి. ఆ అలర్జీ ఒకసారి మొదలైతే సాధారణంగా పోదు, తర్వాత చుక్క తగిలినా మళ్లీ వస్తుంది. అందుకే ఆరో తరగతి పిల్లాడి చేత కలిపించడం, పోయించడం వద్దు. ఆ పని నువ్వే చెయ్యి, నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుని, గాలి ఆడే చోట. వంటింట్లో మాత్రం కాదు. యూవీ లైటు పెడితే గట్టిపడే యూవీ రెసిన్ సులువని ఎవరైనా చెప్తే నమ్మి వాడి చేతికివ్వకు, దానికీ ఇవే జాగ్రత్తలు. నేనే పోస్తానని వాడు మారాం చేస్తే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఇచ్చి అదే మౌల్డ్‌లో పోయమను. ఆ పొడి ముక్కులోకి పోకుండా, కలిపిన ముద్దలో చెయ్యి పెట్టకుండా చూసుకో, అదీ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది.

ఇక లెక్కల సంగతి. గుండ్రటి మౌల్డ్‌లు ఇప్పుడే కొనకు, వృత్తం లెక్కలు వాడికింకా రాలేదు. దీర్ఘచతురస్రం తీసుకో. పొడవు 15 సెంటీమీటర్లు, వెడల్పు 6, లోతు అర సెంటీమీటరు అనుకుందాం. వాడే స్కేలు పెట్టి కొలిచి గుణిస్తే 45 ఘన సెంటీమీటర్లు, అంటే 45 మిల్లీలీటర్లు. దాన్ని నమ్మేయొద్దను. మౌల్డ్‌ని కాటా మీద పెట్టి సున్నా చేసి, నిండా నీళ్లు పోసి తూచమను. ఎన్ని గ్రాములు తూగితే అన్ని మిల్లీలీటర్లు. రెండు జవాబులకీ తేడా వస్తుంది, ఎందుకొచ్చిందో వాడినే వెతకనీ. మూలలు గుండ్రంగా ఉన్నాయా, స్కేలు అంచు నుంచి కొలిచాడా, సున్నా నుంచి కొలిచాడా? పుస్తకంలో లెక్క చేస్తే ఈ గొడవ ఉండదు, అందుకే కొలత అంటే ఏమిటో కూడా తెలీదు. (తర్వాత ఆ మౌల్డ్‌ని బాగా తుడిచి ఆరబెట్టు. తడి ఉంటే రెసిన్ మసకబారుతుంది.)

సీసా మీద 2:1 అని ఉంటే, ఆ 45ని 30గా, 15గా విడగొట్టడం వాడి పని. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఆ నిష్పత్తి పరిమాణంలోనా, బరువులోనా? లేబుల్ వాడి చేతే చదివించు. రెసిన్ సాధారణంగా నీళ్లకంటే బరువు, హార్డెనర్ రెసిన్ కంటే తేలిక. కాబట్టి 30 మిల్లీలీటర్ల రెసిన్ తూస్తే 30 గ్రాముల పైనే వస్తుంది. పరిమాణంలో చెప్పిన 2:1ని బరువులో కొలిస్తే తప్పవుతుంది. సాంద్రత పాఠానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు.

హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే తొందరగా గట్టిపడుతుంది కదా అంటాడు చూడు, పిల్లలందరూ అంటారు. కాదు. రెసిన్ అణువులూ హార్డెనర్ అణువులూ ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. ఏది మిగిలినా దానికి జత దొరకదు, ముక్క జిగటగానే ఉండిపోతుంది. ఇది ఆరిపోవడం లాంటిది కాదు, కావాలంటే హార్డెనర్ కలిపి పోయగా మిగిలిన రెసిన్ చుక్కనీ ఫెవికాల్ చుక్కనీ వేర్వేరు ప్లాస్టిక్ మూతల్లో వేసి తూయించు. చుక్క కాస్త పెద్దదే వెయ్యి, లేకపోతే వంటింటి కాటాకి తేడా తెలియదు. మర్నాడు మళ్లీ తూస్తే ఫెవికాల్ బరువు తగ్గుతుంది, ఎందుకంటే అందులో నీళ్లు ఆరిపోతాయి. రెసిన్ బరువు దాదాపు అంతే ఉంటుంది. ఎందుకో వాడు చెప్పేదాకా నువ్వు చెప్పకు.

వేడి గురించి కూడా. కలిపిన రెసిన్ లోతైన కప్పులో ఉండిపోతే బాగా వేడెక్కుతుంది, ఎక్కువగా ఉంటే పొగ కూడా రావచ్చు. అదే మౌల్డ్‌లో పలచగా పరిస్తే పెద్దగా వేడెక్కదు. వేడి బయటికి పోయే దారి ఎంత ఉందన్నదే తేడా. కప్పుని ముట్టుకోనివ్వకు, దూరం నుంచి చూసే థర్మామీటర్ ఉంటే ఐదు నిమిషాలకోసారి రాయించి గ్రాఫ్ గీయించు. బెజవాడ ఎండల్లో పోత తొందరగా బిగుసుకుంటుంది, చలికాలంలో చిక్కగా ఉండి బుడగలు పైకి రావు. వానాకాలం తేమకి పైన తెల్లటి జిడ్డు పొర కట్టొచ్చు. ఏ ముక్క ఏ నెలలో పోశారో వెనకాల రాసిపెట్టుకోమను.

సైన్సులో ఆకులు బాగా పనికొస్తాయి. రావి ఆకు, మందార ఆకు ఒక ముక్కలో, వరి ఆకు, గడ్డి ఇంకో ముక్కలో. జాలాకార ఈనెలూ సమాంతర ఈనెలూ పక్కపక్కనే పెట్టి వెలుతురుకి పట్టుకుంటే మళ్లీ మర్చిపోడు. ఆ మొక్కల వేళ్లు కూడా పీకి చూపించు, తల్లివేరు ఏ ఆకుతో వెళ్తుందో, పీచువేళ్లు దేనితో వెళ్తాయో వాడే కనిపెట్టాలి. పచ్చి ఆకు పెట్టొద్దు, తడికి నల్లబడుతుంది. పుస్తకాల కింద అణిచిపెట్టి బాగా ఎండనివ్వాలి. పురుగుల్ని చంపి పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు, కిటికీ దగ్గర చచ్చి ఎండిపోయిన తూనీగ దొరికితే చాలు.

సోషల్‌కి నేలలు సరిపోతాయి. ఎర్రమట్టి, నల్లరేగడి, గోదావరి ఇసుక మూడూ ఎండబెట్టి రెసిన్‌లో పొరలు పొరలుగా నువ్వే పొయ్యి. నల్లరేగడి అన్నిటికంటే ఆలస్యంగా ఎండుతుంది, అదెందుకో అదే ఒక పాఠం. ఏటికొప్పాక బొమ్మల మీది లక్క, హైదరాబాద్ లాడ్ బజార్ గాజుల్లోని లక్క ఒక పురుగు స్రవించే రెసిన్ అని కూడా ఆ రోజే చెప్పు. చరిత్ర తేదీలు, పద్యాలు మాత్రం ఇందులోకి లాక్కురావద్దు, అవి మామూలుగానే చదువుకుంటాడు.

మొదటిసారి చిన్న ప్యాక్ చాలు, ఎక్స్‌పైరీ చూసి కొను. చేసిన ప్లేట్లలో తిండి పెట్టకండి. ముక్క అంచుల్ని గరుకు కాగితంతో వాడి దగ్గర రుద్దకు, ఆ దుమ్ము మంచిది కాదు. మిగిలిన రెసిన్ సింక్‌లో పోయకు, పలచగా పరిచి గట్టిపడ్డాక చెత్తలో వెయ్యి.

మీ పెద్దమ్మ