మావయ్యగారి పానాల బస్తా

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. మావయ్యగారు ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా పనిచేశారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి మా సామాను సగం పోయింది. అప్పట్నుంచి ఆయన ఒక్క మేకు కూడా పారేయనివ్వరు. అటక మీద, మంచాల కింద, బాల్కనీలో అన్నీ పానాలు, పైపు ముక్కలు, పాత బ్యాటరీలే. ఇంత ఉన్నా బాత్‌రూమ్ కుళాయి కారుతుంటే బిగించడానికి ఒక్క పానా దొరకదు. తక్కువ సామానుతో బతకడం గురించి వీడియోలు చూసి, పోయిన నెల తుప్పుపట్టిన పానాల బస్తా ఒకటి పాత ఇనుప సామాన్లవాడికి వేసేశాను. అప్పట్నుంచి ఆయన నాతో మాట్లాడరు, నేనిచ్చిన కాఫీ ముట్టరు. మా వారు కూడా నాదే తప్పంటున్నారు. ఇల్లు శుభ్రంగా ఉండాలనుకోవడం తప్పా?

జవాబు: కాదమ్మా. అడక్కుండా అమ్మేయడం మాత్రం తప్పే. మెకానిక్‌కి పానాలంటే చేతివేళ్ల లాంటివి. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్నవై ఉంటాయి. మీకు కనబడింది తుప్పు, ఆయనకు కనబడేది వేరు.

పైగా వరద. ఆ రోజుల్లో మీ వైపు వీధుల్లో బురదపట్టిన పరుపులు, ఫ్రిజ్‌లు గుమ్మాల ముందు గుట్టలుగా పడుండటం చూశాను. ఏది ఉంచాలో ఏది పోవాలో ఎవర్నీ అడక్కుండా నీళ్లే తేల్చేశాయి. అలా పోగొట్టుకున్న మనిషి మిగిలినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. మళ్లీ అదే పని ఇంట్లోవాళ్లే చేస్తే ఎంత గుచ్చుకుంటుందో ఆలోచించండి.

అయినా మీ బాధ కూడా నిజమే. మంచం కింద ఊడ్వలేని ఇంట్లో రోజంతా తిరిగేది మీరే. అందుకని వీడియోల్లోని ఖాళీ గోడల్ని వదిలేసి, కార్ఖానాల పద్ధతి పట్టుకోండి. జపాన్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన 5ఎస్ అనే ఐదు మెట్ల సర్దుకునే పద్ధతిలో మొదటి మెట్టు సెయిరి, అంటే అక్కర్లేనివి వేరుచేయడం. రెండోది సెయిటన్, మిగిలినవాటికి తలా ఒక చోటు చూపడం. పనికొస్తుందో లేదో తేలనిదాన్ని అక్కడ వెంటనే పారేయరు. ఎర్ర చీటీ కట్టి, తేదీ వేసి పక్కన పెడతారు. గడువులోగా ఎవరికీ అవసరం పడకపోతేనే తీసేస్తారు. మీ ఇంట్లో ఆ చీటీ కట్టాల్సింది మావయ్యగారే. గడువు భోగి దాకా పెట్టుకోండి, పాతవి వదిలించుకోవడం ఆ రోజు మనకు అలవాటే కదా. వైర్లు, ప్లాస్టిక్ మాత్రం మంటలో వేయనివ్వకండి.

నోరు అరిగిన పానా జారి వేళ్లు చితక్కొడుతుందని మీకంటే ఆయనకే బాగా తెలుసు. అలాంటివి ఆయనే పక్కన పడేస్తారు. మిగతావాటిని ఒక రాత్రి డీజిల్‌లో నానబెట్టి, వైరు బ్రష్షుతో రుద్ది, ఇంజన్ ఆయిల్ గుడ్డతో తుడిస్తే చాలామటుకు పనికొస్తాయి. బాల్కనీ గోడకి ఒక ప్లైవుడ్ చెక్క కొట్టించి, మేకులకి పానాలు తగిలించి, ఒక్కోదాని చుట్టూ పెన్సిల్‌తో గీత గీయమనండి. ఏది తిరిగి రాలేదో ఖాళీ బొమ్మే చెబుతుంది. డ్రిల్లింగ్ మిషన్‌ని నీళ్లందని పైఅరలో పెట్టించండి.

ఇంట్లో తరచూ కావాల్సినవి కొన్నే: టెస్టర్, రెండు స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, సుత్తి, స్క్రూ రెంచి, ఇన్సులేషన్ టేపు, టెఫ్లాన్ టేపు. ఇవి ఒక డబ్బాలో వంటింటి గుమ్మం దగ్గర ఉండాలి, అది మీ డబ్బా.

బ్యాటరీలకి మాత్రం భోగి దాకా ఆగొద్దు. వాటిలో సీసం, యాసిడ్ ఉంటాయి, మంచం కింద ఉండాల్సినవి కావు. వాడేసిన బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత 2022 నిబంధనల ప్రకారం తయారీదారులది. బ్యాటరీ షాపులో పాతదానికి రేటు కట్టి తీసుకుంటారు కూడా. మీ వారు తప్పు మీదని చెప్పి ఊరుకుంటే సరిపోదు, వాటిని మోసుకెళ్లే పని ఆయనది.

ఇంకో మాట. పేరంటాల్లో వచ్చిన స్టీలు గిన్నెలు, దాచిన ప్లాస్టిక్ డబ్బాలు మీ వంటింటి అటక మీద కూడా ఉండే ఉంటాయి. ముందు అవి దించండి, మావయ్యగారు చూసేలా.

రేపు కాఫీ ఇస్తూ "మిమ్మల్ని అడక్కుండా అమ్మాను మావయ్యగారూ, తప్పు నాదే" అనండి. ఆయన పలక్కపోయినా కాసేపు అక్కడే కూర్చోండి. తర్వాత, కారుతున్న ఆ కుళాయికి ఏ పానా కావాలో ఆయన్నే అడగండి.