కోర్టు కేసులో ఉన్న ఇల్లు, మా వైపు ఒరిగిన గోడ

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఒక పాత కాలనీ. మా పక్క స్థలంలో పెంకుటిల్లు ఆరేడేళ్లుగా తాళం వేసి ఉంది. దాని కోసం అన్నదమ్ముల మధ్య పంపకాల దావా నడుస్తోంది. ఏడడుగుల ఎత్తున్న వాళ్ల ప్రహరీ గోడ మా వైపు ఒరిగింది. కిందటి వానాకాలంలో పగులు కూడా ఇచ్చింది. వాళ్ల వేపచెట్టు కొమ్మలు మా నీళ్ల ట్యాంకు మీదికి వచ్చాయి. లోపల నీళ్లు నిలిచి ఒకటే దోమలు. పెద్దాయనకు ఫోన్ చేస్తే, "కోర్టు స్టేటస్ కో ఇచ్చింది, ఇటుక కూడా కదపకూడదు" అంటున్నారు. మనమే మనుషుల్ని పెట్టి గోడ దింపేద్దాం అని మా వారి మాట. అలా చేయొచ్చా? ఫొటోలు పంపుతున్నాను.
- ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. మీ వారికి విసుగు రావడం సహజమే, కానీ గోడ మీది కాదు. దాన్ని కూలిస్తే భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద ఆస్తికి నష్టం చేశారని కేసు పెట్టొచ్చు. దింపేటప్పుడు జాగ్రత్తలు తీసుకోకుండా మనుషుల ప్రాణాల మీదికి తెస్తే 290వ సెక్షన్ కూడా తోడవుతుంది. కూలీ మీద ఇటుక పడితే మొదట వచ్చేది మీ పేరే. ఇన్నేళ్లు ఒకరి ముఖం ఒకరు చూడని అన్నదమ్ములు మీ మీద ఫిర్యాదు ఇవ్వడానికి మాత్రం కలిసే వస్తారు. ఇలాంటివి చూశాను కాబట్టే చెబుతున్నాను.

ఇక స్టేటస్ కో, అంటే ఉన్నది ఉన్నట్టే ఉంచాలన్న కోర్టు ఉత్తర్వు సంగతి. ఈ మాటను అడ్డం పెట్టుకుని తప్పించుకునేవాళ్లు చాలామంది. పంపకాల దావాలో అలాంటి ఉత్తర్వు సాధారణంగా ఆస్తిని అమ్మకుండా, రూపం మార్చకుండా ఆపడానికి ఇస్తారు. పడిపోయే గోడను పడనివ్వండి అని ఏ జడ్జీ రాయరు. నిజంగానే వాళ్లకు అనుమానం ఉంటే అదే కోర్టులో మరమ్మతుకు అనుమతి కోరుతూ చిన్న దరఖాస్తు వేసుకోవచ్చు. ముందు అసలు ఉత్తర్వు ఉందో లేదో చూడండి. ఈకోర్ట్స్ వెబ్‌సైట్‌లో పార్టీల పేరుతో వెతికితే కేసు నంబరు, వాయిదాల వివరాలు దొరుకుతాయి. ఉత్తర్వు అప్‌లోడ్ అయి ఉంటే అదీ చదవొచ్చు. ఉత్తర్వు కాలం తీరిపోయినా ఫోన్‌లో మాత్రం ఇంకా నడుస్తూ ఉండటం మామూలే.

ఇప్పుడు మీరు రాయని ఒక విషయం. మూడో ఫొటోలో గోడకు ఆనించి మీ వైపు పూలమొక్కల కోసం మట్టి పోసి ఉంది. దాదాపు రెండడుగుల ఎత్తు కనిపిస్తోంది. ప్రహరీ గోడను మట్టి బరువు మోయడానికి కట్టరు. వాన పడి ఆ మట్టి తడిస్తే బరువు గోడ మీదికే వెళ్తుంది. గోడ మీ వైపే ఒరిగింది కాబట్టి మీ మట్టే కారణం కాకపోవచ్చు. కానీ అవతలి లాయరు మొదటి రోజే ఆ ఫొటో పట్టుకుని "పగులుకు కారణం వీళ్లే" అంటాడు. వాళ్ల వైపు నేను ఉన్నా అదే అనేవాణ్ని. అందుకే నోటీసు కన్నా ముందు ఇంజనీరును పిలిపించండి. తీయమంటే ఆయన చెప్పిన పద్ధతిలోనే మట్టి తీయించండి, ఎందుకంటే ఒరిగిన గోడ పునాది దగ్గర తవ్వడం ప్రమాదం. తీయకముందు, తీశాక తేదీ కనిపించేలా ఫొటోలు ఉంచుకోండి. తాడుకు కట్టిన గుండు వేలాడదీసి గోడ ఎంత వాలిందో కొలిచి, సంతకంతో ఆయన ఇచ్చే కాగితం మీ కేసులో సగం బలం. మీ స్థలంలో మీరు గోడకు ఊతకర్రలు పెట్టుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అలాగే మీ దస్తావేజులో సరిహద్దులు ఒకసారి చదవండి. 'ఉమ్మడి గోడ' అని ఉంటే కథ మారిపోతుంది, మరమ్మతు ఖర్చులో మీ వాటా కూడా వస్తుంది.

గోడ వాళ్లదే అని తేలాక నోటీసు పంపాలి. పెద్దాయన ఒక్కరికే కాదు, దావాలో ఉన్న అన్నదమ్ములందరికీ. ఫోన్ మాటలు కోర్టులో నిలబడవు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులోనే, అందినట్లు రుజువు వచ్చేలా పంపండి. గోడ ఎంత ఒరిగింది, ఇంజనీరు ఏమన్నారు, ఎన్ని రోజుల్లో సరిచేయాలి - ఇంతే రాయండి. తిట్లు వద్దు, పాత గొడవలు వద్దు.

ఈ నోటీసు ఎందుకంత ముఖ్యమో ఒక పాత కేసు చెబుతుంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో మునిసిపాలిటీకి చెందిన గడియార స్తంభం కూలి ముగ్గురు చనిపోయారు. ఆ కట్టడం వయసు 80 ఏళ్లు, దాని మామూలు ఆయుష్షు 40-45 ఏళ్లే. పైకి లోపమేమీ కనబడలేదన్న మునిసిపాలిటీ వాదనను సుప్రీంకోర్టు 1966లో ఒప్పుకోలేదు. దారి పక్కన కట్టడం ఉన్న యజమాని దాన్ని క్రమం తప్పకుండా పరీక్షించుకోవాలి, కనబడని లోపానికీ బాధ్యుడే అంది. మీ గోడ రోడ్డు మీద కాదు, ఇంటి పక్కన ఉంది కాబట్టి ఆ తీర్పు మక్కీకి మక్కీ వర్తిస్తుందనను. అయితే మీ దగ్గర లోపం దాగి లేదు, కంటికి కనిపిస్తోంది. పైగా నోటీసు అందాక "మాకు తెలియదు" అనే దారి కూడా మూసుకుపోతుంది.

అదే రోజు కార్పొరేషన్‌కు కూడా ఫిర్యాదు ఇవ్వండి. 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం 456వ సెక్షన్ ప్రకారం, శిథిలమై పడిపోయేలా ఉన్న కట్టడాన్ని కూల్చమనో, గట్టిపరచమనో కమిషనరు యజమానికి నోటీసు ఇవ్వొచ్చు. అన్నదమ్ముల దావాలో కార్పొరేషన్ పార్టీ కాదు, వాళ్ల మధ్య ఉన్న స్టేటస్ కో సాధారణంగా ఈ అధికారానికి అడ్డు రాదు. సర్కిల్ ఆఫీసులోని టౌన్ ప్లానింగ్ విభాగంలో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. యాప్‌లో పెట్టిన ఫిర్యాదు 'పరిష్కరించబడింది' అని మూసేసే అవకాశం ఉంది. ముద్ర ఉన్న కాగితాన్ని అలా మూసేయలేరు. నెల గడిచినా చలనం లేకపోతే, ఫిర్యాదు మీద ఏం చేశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

వానలు దగ్గర పడి గోడ ఇంకా వాలుతుంటే ఇంత ఓపిక పట్టకండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, మేజిస్ట్రేటు అధికారాలుండే ఆర్డీఓకు అర్జీ పెట్టండి. ఇది పాత సీఆర్‌పీసీలోని 133. పడిపోయి చుట్టుపక్కల ఉండేవాళ్లకు దెబ్బ తగిలే ప్రమాదమున్న కట్టడాన్ని తీసేయమనో, బాగుచేయమనో మేజిస్ట్రేటు షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వొచ్చు. పద్ధతి ప్రకారం ఇచ్చిన ఆ ఉత్తర్వును సివిల్ కోర్టులో ప్రశ్నించడానికి వీల్లేదని అదే సెక్షన్ చెబుతుంది. ఈ దారి సంగతి చాలామందికి తెలియదు, అందుకే నేరుగా సివిల్ దావాకు వెళ్లి ఏళ్లు పోగొట్టుకుంటారు. దావా చివరి మెట్టు. అంతవరకు వస్తే, మహిళగా మీకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది.

కొమ్మలు చిన్న విషయం. ముందుగా ఒక మాట చెప్పి, మీ స్థలంలోకి వచ్చినంత మేర, మీ వైపు నుంచే కొట్టించుకోవచ్చు. వాళ్ల ఆవరణలో అడుగు పెట్టకండి, కొట్టిన కొమ్మలు వాళ్లవే. చెట్టు మొదలు జోలికి అసలు పోవద్దు, దానికి నీరు, భూమి, చెట్ల సంరక్షణ కోసం చేసిన వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. దోమల ఫిర్యాదు గోడ అర్జీలో కలపకండి. వేరే కాగితం మీద రాసి పారిశుద్ధ్య, దోమల నివారణ విభాగాలకు ఇవ్వండి. రెండూ కలిపితే మందు కొట్టి వెళ్లిపోయి, పని అయిపోయిందని రాసుకుంటారు.

మరో సంగతి. రెండో ఫొటోలో ఆ గోడ కిందే పిల్లల సైకిళ్లు ఉన్నాయి. ఈ జవాబు చదివాక నోటీసు రేపు రాయొచ్చు, ఆ సైకిళ్లు ఇవాళే అక్కణ్నించి తీసి ఇంకో వైపు పెట్టించండి.