పాకిస్తాన్ అహ్మదీల మీద డిసర్టేషన్ చేస్తే ఉద్యోగం వస్తుందా?

గుంటూరు నుంచి ఒక తండ్రి అడిగారు. అమ్మాయి లా నాలుగో సంవత్సరం, పాకిస్తాన్‌లో అహ్మదీల (తాము ముస్లింలమేనని చెప్పుకునే ఒక వర్గం, మిగతా ముస్లింలు చాలామంది ఒప్పుకోరు) మత స్వేచ్ఛ మీద డిసర్టేషన్, అంటే పరిశోధన వ్యాసం, చేస్తానంటోంది, కంపెనీ లా తీసుకోమంటే వినట్లేదు, ఆ దేశం గొడవ మనకెందుకండీ, రేపు ఉద్యోగం ఎవరిస్తారు అని.

సార్, మీరు కంపెనీ లా అంటున్నారు కదా, ఆ టాపిక్‌లో ముఖ్యమైన కేసులో కోర్టు వాడింది కంపెనీల వాదనే. 1993లో జహీరుద్దీన్ కేసులో పాకిస్తాన్ సుప్రీంకోర్టు, అహ్మదీలు ఇస్లాం పదాలు వాడకూడదన్న 1984 ఆర్డినెన్స్ చెల్లుతుందని తేల్చడానికి ట్రేడ్‌మార్క్ చట్టాన్ని పట్టుకొచ్చింది, కోకా కోలా పేరేసి వేరేవాడు తన సరుకు అమ్ముకుంటే ఆ కంపెనీ ఊరుకుంటుందా అన్నట్టు. మతానికి ట్రేడ్‌మార్క్ ఏంటి అని మీకూ అనిపించి ఉంటుంది. అదే బెంచ్‌లో జస్టిస్ షఫీ ఉర్ రహ్మాన్ ఒక్కరూ విభేదించారు, అమ్మాయిని ఆ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవమనండి, ఇంగ్లీష్‌లోనే ఉంటాయి, ఉర్దూ రాదే అని భయపడక్కర్లేదు.

వాళ్ళ రాజ్యాంగం 20వ ఆర్టికల్ ప్రతి పౌరుడికీ మతం పాటించే హక్కు ఇచ్చింది, కాకపోతే ముందే "చట్టానికి లోబడి" అని తగిలించారు, మన రాజ్యాంగం 25వ ఆర్టికల్‌లో శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం లాంటి షరతులున్నాయి గానీ ఇంత ఊరికే ఏ చట్టమైనా సరే అన్నట్టు లేదు. 1974లో అహ్మదీలు ముస్లింలు కాదని రాజ్యాంగంలోనే రాసేశారు, సైనిక పాలకుడు జియా టైమ్‌లో ఆ 1984 ఆర్డినెన్స్‌తోనే శిక్షాస్మృతిలో 298-సి సెక్షన్ వచ్చింది, మేం ముస్లింలమే అని చెప్పుకున్నా మూడేళ్ళ దాకా జైలు. 2022లో మాత్రం అదే సుప్రీంకోర్టు వాళ్ళ ప్రార్థనా స్థలం నాలుగు గోడల మధ్య మతం పాటించుకోనివ్వకపోతే అది రాజ్యాంగానికే విరుద్ధమంది. ఈ నాలుగు గోడలు ఎక్కడిదాకా అనేదొక్కటే తీసుకున్నా డిసర్టేషన్ అయిపోద్ది, "మత స్వేచ్ఛ" అని మొత్తం ఎత్తుకుంటేనే మునిగేది.

మనకెందుకు అన్నారు. 2012లో మన ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డే (ముస్లింల ధార్మిక ఆస్తులు చూసేది) అహ్మదీలు ముస్లింలు కాదని తీర్మానం చేసింది, 2023లో కేంద్ర మైనారిటీ శాఖ అది బోర్డు చెప్పే విషయం కాదని రాష్ట్రానికి లెటర్ రాసింది. కేరళ హైకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు 1970లోనే వాళ్ళు ముస్లింలేనన్నారు. ఒక చాప్టర్ రెడీ.

ఇక ఉద్యోగం. డబ్బు మొదట్లో కార్పొరేట్ అంత రాదు, అబద్ధం చెప్పను. ఈ లైన్‌లో క్లాట్ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ నల్సార్ లాంటి లా యూనివర్సిటీలో ఎల్‌ఎల్‌ఎం, తర్వాత నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) కొడితే టీచింగ్, లేదా శరణార్థుల కేసులు, ఏ దేశంలో ఎవరికి ప్రమాదముందో పరిశీలించే రీసెర్చ్ పనులు, యూఎన్‌హెచ్‌సీఆర్ (ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ) లాంటి చోట ఇంటర్న్‌షిప్పులు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కి రెండేళ్ళ పని అనుభవం అడుగుతారు కాబట్టి లాయర్‌గా ఎన్‌రోల్ అయ్యి హైకోర్టులో ఎవరైనా సీనియర్ దగ్గర చేరడం మంచిది, రిట్‌లు (హక్కుల కోసం ప్రభుత్వం మీద వేసే కేసులు) ఎక్కువ చూసే ఆఫీస్ అయితే ఇంకా మేలు. ఫీల్డ్‌వర్క్‌కి పాకిస్తాన్ వెళ్తానంటే మాత్రం అక్కడే ఆపండి, తీర్పులతోనే పని అవుతుంది. గైడ్ రాజ్యాంగ చట్టం చెప్పేవాళ్ళయి ఉండాలి, అది ఈ వారమే కనుక్కోమనండి.