క్రైస్తవ విశ్వాసంలోకి రావాలంటే ముందు పాపాలన్నీ ఫాదర్ దగ్గర చెప్పుకోవాలా?

అక్కర్లేదు, మొదట కావాల్సింది దేవుని ముందు దాపరికం లేకుండా "నేను పాపిని" అని ఒప్పుకోవడమే. క్రైస్తవ బోధలో రక్షణ (పాపం నుంచి విడుదల) దేవుని కృపవల్ల దొరికేది, సంపాదించుకునేది కాదు. తనలో తప్పే లేదనుకునేవాడు ఇక క్షమాపణ ఎందుకు అడుగుతాడు? యేసు చెప్పిన ఉపమానంలో పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే యూదు వర్గంవాడు) వారానికి రెండుసార్లు ఉపవాసం, రాబడిలో పదో వంతు అంటూ తన ఘనతంతా ఏకరువు పెట్టాడు. సుంకరి (రోమా పాలనలో పన్ను వసూలుదారు, జనానికి గిట్టనివాడు) దూరంగా నిలబడి, తలెత్తకుండా, రొమ్ము కొట్టుకుంటూ కరుణించమన్నాడు. నీతిమంతుడిగా ఇంటికెళ్లింది అతనే. దేవుని ముందు ఇలా ఒప్పుకోవడాన్ని చాలామంది కతోలికుల పాపసంకీర్తనంతో (ఫాదర్ దగ్గర పాపాలు చెప్పుకోవడం) కలిపేస్తారు. అది జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందినవాళ్లకి. పెద్దయ్యాక జ్ఞానస్నానం తీసుకునేవాళ్ల పాత పాపాలు దానితోనే పోతాయని కతోలిక సభే చెబుతుంది.