సికింద్రాబాద్ రాజా దీన్ దయాళ్ స్టూడియో కథ ఏమిటి? ఆ ఫోటోలు ఇంతకాలం ఎలా నిలిచాయి?

పాత హైదరాబాద్ ఫోటో ఏది చూసినా దీన్ దయాళ్ పేరే వినబడుతోంది, ఎవరాయన అని అడిగారు. నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. పెళ్లికి ముందు మా ఊరి స్టూడియోలో కొన్నేళ్లు టచింగ్ పని, అంటే ఫోటోల్లో ముఖం మీది మచ్చలు సరిచేసే పని చేశాను. నాకు కనిపించినంత చెబుతాను.

ఆయన మన ప్రాంతం వారు కాదు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి ఇండోర్‌లో ప్రభుత్వ డ్రాఫ్ట్స్‌మన్‌గా, అంటే కట్టడాల నక్షలు గీసే ఉద్యోగిగా చేరారు. కెమెరా మొదట సరదాకే పట్టారు. హోల్కర్ మహారాజు, తెల్లదొరలు ప్రోత్సహించడంతో గ్వాలియర్, ఖజురహో కట్టడాలు తీశారు. తర్వాత హైదరాబాద్ వచ్చి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో, 1896లో బొంబాయిలో ఇంకోటి. రాజా బిరుదు నిజాం ఇచ్చిందే. వైస్రాయ్ కర్జన్ దంపతులు చచ్చిన పులి పక్కన నిలబడ్డ ఫోటో చూసే ఉంటారు. అది 1902లో మన వరంగల్ వైపు నెక్కొండలో తీసింది.

బిరుదుల సంగతి అందరూ చెబుతారు. నాకు నచ్చింది మాత్రం 1892లో ఆడవాళ్ల కోసం ఆయన విడిగా పెట్టిన జనానా స్టూడియో. దాన్ని నడిపింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషావిడ. పరదా పాటించే ఇళ్ల ఆడవాళ్లు మగవాడి ముందు కూర్చోరు కదా! వ్యాపారం తెలిసిన బుర్ర అది. మా స్టూడియోలోనూ పెళ్లిచూపుల ఫోటోకి వచ్చిన అమ్మాయిలు ఓనరు గారు కెమెరా వెనక్కి వెళ్లగానే బిగుసుకుపోయేవాళ్లు. నేను వెళ్లి పైట సర్ది, "భుజాలు వదులు చెయ్యమ్మా" అంటే గానీ ముఖంలోకి కళ వచ్చేది కాదు.

ఇక టచింగ్. ఏటవాలు బల్లలో పాలగాజు, దాని మీద నెగటివ్ (నలుపు తెలుపులు తారుమారుగా ఉండే ఫోటో మూలం, ప్రింట్లు దీన్నుంచే తీస్తారు), కింద అద్దం. కిటికీ వెలుతురు అద్దం మీద పడి గాజులోంచి పైకి వస్తుంది. ముఖం మీద నల్ల మచ్చ నెగటివ్‌లో తెల్లటి చుక్కలా ఉంటుంది. గరుకు కాగితం మీద సూదిలా అరగదీసిన పెన్సిల్‌తో ఆ చుక్కని నింపాలి. ఎక్కువైతే ప్రింట్‌లో బొల్లి మచ్చలా తేలుతుంది. పాత పోర్ట్రెయిట్లలో ముఖం నున్నగా, చేతులు మాత్రం ముడతలతో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. చేతుల దాకా ఎవరూ వెళ్లరు, డబ్బులిచ్చేది ముఖానికే.

దీన్ దయాళ్ కొడుకుల్లో ధరమ్‌చంద్ 1904లో పోయారు, మరుసటేడే తండ్రి కూడా. మిగిలిన జ్ఞాన్‌చంద్ స్టూడియో నడిపించారు. అప్పట్లో నెగటివ్‌లు గాజు ప్లేట్ల మీదే ఉండేవి. తర్వాతి తరాలు ఆ ప్లేట్లని వదిలించుకోకుండా దాచడమే అసలు విశేషం. 1989లో 2,857 గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. మామూలుగా ఇలా జరగదు. చాలా చోట్ల గాజు ప్లేట్లని వేడినీళ్లలో గీకి ఫ్రేములకి వాడేశారు. ఫిల్మ్‌లో వెండి ఉంటుందని పాత సామాన్లవాళ్లు కొనుక్కుపోయేవాళ్లు. నేను పనిచేసిన చోటా అంతే. డిజిటల్ రాగానే ఓనరు గారి పిల్లలు నెగటివ్ కవర్లన్నీ సంచుల లెక్కన అమ్మేశారు. ఊళ్లో సగం మంది పెళ్లిళ్లు వాటిలోనే ఉన్నాయి. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది.

మీ ఇంట్లో అట్టకి అంటించిన తాతల కాలం ఫోటో ఉంటే అట్ట అంచులు, వెనకవైపు చూడండి. స్టూడియో పేరు, కొన్నిసార్లు నెగటివ్ నంబరు కూడా ఉంటాయి. అట్టని ఊడదీయకండి. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేయిస్తే మళ్లీ తీయడం కుదరదు. ఫోన్‌తో కాకుండా స్కానర్‌లో కాపీ తీయించి, అసలుది ఎండ తగలని చోట పెట్టండి.