పెరట్లో పడవకు నీడ: 2.40 లక్షల షెడ్డు వేయించాలా?

ప్రశ్న: మాది ఉప్పాడ దగ్గర తీర గ్రామం. నాన్నకు 29 అడుగుల ఫైబర్ బోటు ఉంది. ఒడ్డు కోతకు గురై బోటు నిలపడానికి ఇసుక మిగల్లేదు. అందుకే వేట నిషేధం రోజుల్లోనూ, తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడూ ట్రాక్టరుతో ఇంటి పెరట్లోకి లాగించుకుంటున్నాం. ఇల్లు సముద్రానికి 350 మీటర్ల దూరం. బోటు, ఇంజిను, వలలు అన్నీ పట్టేలా మన్నికైన నీడ వేయించాలని అనుకుంటున్నాను. వెల్డింగు షాపువారు 36 x 14 అడుగుల రేకుల షెడ్డుకు 2.40 లక్షలు అడిగారు. ఆన్‌లైన్‌లో రెడీమేడ్ టార్పాలిన్ షెల్టర్ 42 వేలకు ఉంది. తాటాకు పాక చాలని నాన్న అంటారు, దానికి 60 వేలు అవుతుంది. షామియానా ఫ్రేములు చేసే కాకినాడ ఆయన ఒకరు బోల్టులతో బిగించే ఫ్రేము, పైన కవరు కలిపి 95 వేలకు చేసిస్తామన్నారు. ఇంటి వెనక స్లాబు వరండా ఉంది, దానికి మూడు వైపులా గోడ కట్టి తలుపు పెట్టడానికి మేస్త్రీ 38 వేలు చెప్పారు. నాకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 2.10 లక్షలు ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకు 22 వేలు. తక్కువ పడితే అమ్మ బంగారం మీద లోను తీసుకోమంటారా, నాన్న కిసాన్ క్రెడిట్ కార్డు వాడమంటారా? – కాకినాడలో ఉద్యోగం చేస్తున్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంతో పాటు పంపిన వెల్డింగు షాపు కొటేషన్‌ను రెండుసార్లు చదివాను. అందులో పైపు మందం ఎంతో లేదు. ‘ఇనుప పైపు, రెడ్ ఆక్సైడ్, పైన పెయింటు’ అని మాత్రం ఉంది. స్తంభాలకు తీసే గుంతలు అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు అని రాశారు. సముద్రానికి 350 మీటర్ల దూరంలో ఉన్న ఇంటికి ఈ రెండు వివరాలు చాలు, ఆ షెడ్డు వద్దని చెప్పడానికి.

ముందు గాలి సంగతి చూద్దాం. భవనాల మీద గాలి ఒత్తిడిని లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మన కోస్తాను సెకనుకు 50 మీటర్ల గాలివేగం ఉన్న ప్రాంతంగా చూపిస్తుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. మీ షెడ్డు పైకప్పు 504 చదరపు అడుగులు, అంటే సుమారు 47 చదరపు మీటర్లు. నాలుగు వైపులా తెరిచి ఉన్న షెడ్డులోకి గాలి దూరితే రేకులను కింది నుంచి పైకి ఎత్తుతుంది. ఆ ఎత్తే బలం మొత్తం ఏడు టన్నుల దాకా ఉండవచ్చు. ఎనిమిది స్తంభాలకు పంచితే ఒక్కోదానికి దాదాపు 900 కిలోలు. కొటేషన్‌లో చెప్పిన గుంతలో పట్టే కాంక్రీటు బరువు వంద కిలోలు. రెండు అడుగుల చదరంలో మూడు అడుగుల లోతుకు పోస్తే గానీ అది 800 కిలోలకు చేరదు. ఈ తేడాను షాపువారు దాచిపెట్టారని నేను అనడం లేదు. ఊళ్లో అరుగు మీద వేసే షెడ్డుకు రోజూ రాసే కొటేషన్‌నే మీకూ రాసిచ్చారు. కానీ మీ నాన్నగారికి 1996 నవంబరు 6 తుఫాను గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి కాకినాడ, కోనసీమ తీరంలో ఎగిరిన రేకులు ఎక్కడెక్కడ పడ్డాయో ఆయన్నే అడగండి. ఊడిపోయిన రేకు మన షెడ్డును పాడుచేసి ఆగదు, పక్కింటి మీదకూ పోతుంది.

రెండోది ఉప్పుగాలి. మీలాంటి తీర గ్రామంలోనే ఒక ఇంట్లో నాలుగేళ్ల క్రితం వేసిన షెడ్డు చూశాను. పైన నీలం రేకు నిన్న కొన్నట్టే మెరుస్తోంది. వంగి స్తంభం మొదలును వేలితో గీరితే ఇనుము అప్పడం ముక్కల్లా పొరలు పొరలుగా అరచేతిలోకి రాలింది. ప్రతి వెల్డింగు అతుకు కిందా గోధుమరంగు చార కారి ఎండిపోయి ఉంది. జింకు పూత ఉన్న పైపే తెచ్చినా, వెల్డింగు చేసిన చోట ఆ పూత కాలిపోతుంది. తుప్పు అక్కడే మొదలై లోపలికి పాకుతుంది, పైన వేసిన రంగు దాన్ని కొన్నాళ్లు కప్పి ఉంచుతుంది. అందుకే ఈ షెడ్డుకు ఎనిమిదేళ్లకు మించి ఆయుష్షు వేయలేను. 2.40 లక్షలను ఎనిమిదితో భాగిస్తే ఏడాదికి 30 వేలు. ఏటా గీకించి రంగు వేయించే ఖర్చు దీనికి అదనం.

ఆన్‌లైన్ షెల్టర్ చవకగా కనిపిస్తుంది. దాని పైపులు సన్నవి, మీ దగ్గర నాలుగేళ్లు ఆగితే గొప్ప. పైన గుడ్డ రెండేళ్లకు పిగిలిపోతుంది, మారిస్తే ఒక 15 వేలు అనుకుందాం. పన్నెండేళ్లలో ఫ్రేము మూడుసార్లు, గుడ్డ అదనంగా మరో మూడుసార్లు కొనాలి. మొత్తం 1.71 లక్షలు. 42 వేలనుకున్నది నాలుగింతలు అయింది. తాటాకు పాకను నేను తీసిపారేయను. దాని కింద చల్లదనం మరే కప్పుకూ రాదు. అయితే రెండేళ్లకోసారి ఆకు మార్చాలి, సరుగుడు గుంజలు మొదట్లో కుళ్లిపోతాయి. అన్నిటికంటే మించి, ఇంజిను ఇంధనం ఉన్నచోట తాటాకు వద్దు. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఇక మీ ఉత్తరంలో మామూలుగా రాసి వదిలేసిన నాలుగోదానికి వద్దాం. నా ఓటు ఆ బోల్టుల ఫ్రేముకే. చవక అని చెప్పడం లేదు. మీ తీరానికి అదే సరిపోతుంది. సముద్రం ఏటా కొంత ముందుకు వస్తున్న చోట, పీకి వేరేచోట పెట్టుకోలేని వస్తువు మీద రెండున్నర లక్షలు పాతిపెట్టమని ఏ ఆర్థిక సలహాదారూ చెప్పకూడదు. బోల్టులు విప్పితే ఆ ఫ్రేము ట్రాక్టరు ట్రక్కులో పడుతుంది. రేపు ఊరు వెనక్కి జరిగితే మీతో వస్తుంది, బోటు అమ్మేస్తే విడిగా అమ్ముకోవచ్చు. వెల్డింగు అతుకులు ఉండవు కాబట్టి జింకు కాలిపోయే చోట్లూ ఉండవు. తుఫాను హెచ్చరిక రాగానే పైన కవరు విప్పి ఇంట్లో పెట్టేస్తారు. అప్పుడు గాలికి దొరికేది ఉత్త పైపులే, ఏడు టన్నుల లెక్క అక్కడితో తప్పిపోతుంది. 2025 అక్టోబరులో మొంథా తుఫాను వచ్చినప్పుడు చూశారుగా, హెచ్చరిక రోజుల ముందే వస్తోంది. కవరు విప్పడానికి ఇద్దరికి అరగంట చాలు.

కానీ ఆ 95 వేల కొటేషన్‌ను ఉన్నదున్నట్టు ఒప్పుకోవద్దు. షామియానా ఫ్రేము రెండు రోజుల పెళ్లికి చేసేది. మీది ఏళ్ల తరబడి ఉప్పుగాలిలో నిలబడాలి. పైపు, ఇనుప పైపుల భారతీయ ప్రమాణం ఐఎస్ 1239 ప్రకారం మీడియం తరగతిదని రాసివ్వమనండి. తాళం కోసం వాడే చిన్న ముక్కతో సహా ప్రతిదీ, కోసి, బోల్టు రంధ్రాలు పెట్టాక, కరిగిన జింకులో ముంచి తీసినది కావాలి. దాన్నే షాపుల్లో హాట్ డిప్ అంటారు. ముంచిన తరువాత రంధ్రం పెడితే ఆ రంధ్రం అంచే తుప్పుకు వాకిలి అవుతుంది. బోల్టులకూ అదే పూత ఉండాలి. స్తంభం మట్టిలో దిగకూడదు. నేలకు అరడుగు పైకి లేచిన కాంక్రీటు దిమ్మె మీద బేస్ ప్లేటుతో బిగించాలి. కప్పు ఎత్తు మీ నాన్నగారు బోటులో నిలబడి చేయి చాపితే తగిలేంత చాలు, ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది. కవరు లారీల మీద వేసే పీవీసీ పూత గుడ్డ కావాలి, నీలం రంగు అల్లిక టార్పాలిన్ వద్దు. ఇవన్నీ రాసిచ్చాక ధర 95 వేలలోనే ఉంటే సరే. పది వేలు పెరిగినా ఇవ్వండి, ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో కింద చెబుతాను. పదిహేను దాటితే కొలత తగ్గించండి. 34 x 12 అడుగులు మీ బోటుకు చాలు.

మీరు షెడ్డు పెద్దదిగా అడగడానికి కారణం ఇంజిను, వలలు కూడా అందులోనే పెట్టాలనుకోవడం. అక్కడే లెక్క తప్పింది. ఫైబర్ బోటు వానకు చెడదు. ఎండకు పైపూత సుద్దలా పొడి రాలుతుంది, లోపల నిలిచిన వాననీరు చెక్క ఉన్న భాగాలను కుళ్లబెడుతుంది. దానికి కావలసింది నీడ, నీరు పోయే దారి, కింద గాలి. ముక్కు కాస్త ఎత్తులో ఉంచి, వెనక నీరు పోయే బిరడా తీసేసి, మూడుచోట్ల పాత లారీ టైర్ల మీద కూర్చోబెడితే చాలు. నైలాను వల సంగతి వేరు, ఎండ దాన్ని తినేస్తుంది. నమ్మకం లేకపోతే, బయట పడి ఉన్న పాత వల అంచు నుంచి ఒక పోగు తీసి రెండు చేతులతో లాగి చూడండి. నీడలో ఉన్న వల పోగుతో పోల్చి చూడండి. వలలకూ ఇంజినుకూ కావలసింది గోడ, తలుపు, తాళం. మీ ఇంటి వెనక స్లాబు వరండా ఉందని, దానికి మూడు వైపులా గోడ కట్టి తలుపు పెట్టడానికి మేస్త్రీ 38 వేలు చెప్పారని రాశారు. అదే చేయండి. ఇంజిను నిలువుగా స్టాండు మీద ఉండాలి. ఇంధనం డబ్బాలు మాత్రం ఆ గదిలో పెట్టవద్దు.

ఇప్పుడు డబ్బు. మీ డిపాజిట్ 2.10 లక్షలు. అందులో మూడు నెలల ఇంటి ఖర్చు 66 వేలు పక్కన పెట్టి, దాన్ని మరచిపోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట ఆగుతుంది. ఆ రోజులకు అర్హులైన మత్స్యకార కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 2025లో ఇచ్చిన సాయం 20 వేలు, మీ ఇంట్లో ఒక నెల ఖర్చుకు కూడా తక్కువ. అదీ ఏ తేదీన ఖాతాలో పడుతుందో మన చేతిలో లేదు. మిగిలిన 1.44 లక్షల్లో ఫ్రేముకు 95 వేలు, వరండాకు 38 వేలు పోతే 11 వేలు ఉంటాయి. అవి బోటు బీమా ప్రీమియంకు. ఫ్రేము ధర పెరిగితే ఆ పెరిగినంతా మీ నెల జీతంలోంచి తీయండి, బీమా డబ్బు ముట్టుకోవద్దు. ఇప్పటికి బోటుకు బీమా ఉందో లేదో మీరు రాయలేదు, లేదనే అనుకుంటున్నాను. పాలసీ తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పక అడగండి: బోటు నీటిలో లేకుండా ఒడ్డున, ఇంట్లో ఉన్నప్పుడు తుఫానుకు దెబ్బతింటే వర్తిస్తుందా? ‘వర్తిస్తుంది’ అని నోటితో చెబితే చాలదు, పాలసీ కాగితంలో ఆ వాక్యం ఎక్కడుందో చూపించమనండి. బోటు రిజిస్ట్రేషన్ పత్రం లేకపోతే క్లెయిము దగ్గర ఇబ్బంది పడతారు, ముందు అది చూసుకోండి.

అమ్మ బంగారాన్ని ముట్టుకోవద్దు. 2.40 లక్షల షెడ్డు, వరండా, బీమా కలిపితే 2.89 లక్షలు అయ్యేది. మీ 66 వేలు కదపకుండా ఉండాలంటే దాదాపు 1.45 లక్షలు అప్పు చేయాల్సి వచ్చేది. 12 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 17,400. వేట లేని రోజుల్లో కూడా ఆ వడ్డీ ఆగదు. నీడ కోసం ఇంటి ఆడవాళ్ల బంగారం బ్యాంకుకు వెళ్లడం నాకు బాధగా ఉంటుంది, సీజను బాగా లేని ఏడాది అది తిరిగి రాకపోవడం చాలా ఇళ్లలో చూశాను. కిసాన్ క్రెడిట్ కార్డు సంగతి ఇంకా స్పష్టం. 2018-19 కేంద్ర బడ్జెట్ దాన్ని మత్స్యకారులకూ విస్తరించింది. ఒక పరిమితి వరకు 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. ఇంత చవక అప్పు దొరకడం అరుదు. కానీ అది డీజిలు, ఐసు, కూలి, వలల మరమ్మతు వంటి వేట ఖర్చులకు. ఏడాదిలో తిరిగివచ్చే డబ్బు కోసం ఇచ్చిన అప్పును ఏళ్ల తరబడి నిలిచే ఇనుములో పెడితే, గడువుకు చెల్లించలేక ఆ 3 శాతం రాయితీ పోతుంది. జూన్ 15న బోటు నీటిలోకి దించేటప్పుడు డీజిలుకు బయటి వడ్డీకి పరుగెత్తాలి. కార్డును ఖాళీగా ఉంచండి.

ఒక కాగితం పని కూడా ఉంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీరు చేరే గీత (హైటైడ్ లైన్) నుంచి 500 మీటర్ల లోపు స్థలం, కట్టడాల మీద ఆంక్షలుండే తీర నియంత్రణ మండలం కిందికి వస్తుంది, మీ ఇల్లు అందులోనే ఉంది. స్తంభాల దిమ్మెలు పోసే ముందు పంచాయతీ కార్యదర్శిని కలిసి, విప్పి తీసేసే ఫ్రేము వేస్తున్నామని రాతపూర్వకంగా చెప్పి, ఆ కాగితం మీద ముద్ర వేయించుకోండి. వరండా గోడలకు కూడా అప్పుడే అడగండి.

పని ఫిబ్రవరిలోగా అప్పజెప్పండి. జింకులో ముంచి తీసే పని కాకినాడ షాపులో అవుతుందా, బయటికి పంపాలా అన్నది బట్టి రోజులు పడతాయి. ఏప్రిల్ మొదట్లో అందరి బోట్లూ ఒకేసారి ఇళ్లకు వస్తాయి కాబట్టి ట్రాక్టరు కూడా ముందే మాట్లాడుకోండి. సగం అడ్వాన్సుకు మించి ఇవ్వవద్దు. మిగతా సగం, సరుకు దిగాక మీరే ఒక్కో పైపును తిప్పి చూసి, వెల్డింగు మచ్చ గానీ ముంచిన తరువాత పెట్టిన రంధ్రం గానీ లేదని తేల్చుకున్నాకే.

ఇక మీ నాన్నగారి తాటాకు. ఆ 61 రోజులూ ఆయన చేసేది వలలు బాగుచేసుకోవడమే కదా. ఫ్రేముకు పదిహేను అడుగుల దూరంలో, ఇంధనం డబ్బాలు లేని వైపు, నాలుగు సరుగుడు గుంజల మీద చిన్న తాటాకు పందిరి వేయించండి. పది అడుగుల చదరం చాలు. ఐదారు వేలలో అవుతుంది, అది మీ తరువాతి నెల జీతంలోంచి ఇవ్వండి.