అబర్డీన్‌షైర్ కోటలు: పెద్దవాళ్ళతో వెళ్తే ఏవి చూడాలి?

జూన్‌లో అమ్మానాన్నలు వస్తున్నారని, కారులో మూడు రోజులు తిరిగితే ఎన్ని కోటలు చూడొచ్చని, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులున్నాయని అడిగారు కదండీ. రోజుకి రెండు చాలు. స్కాట్లాండ్ ఈశాన్యాన ఉన్న ఈ అబర్డీన్‌షైర్‌లో ఏ దారిన వెళ్ళినా ఓ కోట కనిపిస్తుంది. అన్నీ చుట్టబెట్టేస్తే సాయంత్రానికి ఏ గది ఎక్కడ చూశామో ఎవరికీ గుర్తుండదు. మా అమ్మానాన్నల్నీ, అత్తామామల్నీ తిప్పాక నాకు కుదిరిన లెక్క ఇది.

మొదటి రోజు డ్రమ్, క్రాథెస్ కోటలు. ఒక్కరోజే తీరిక ఉన్నా ఈ రెండే చూడమంటాను. రెండూ అబర్డీన్ నుంచి బాంకరీ వెళ్ళే దారిలోనే, దగ్గర దగ్గరగా ఉంటాయి. స్కాట్లాండ్ రాజు రాబర్ట్ ద బ్రూస్ 1323లో డ్రమ్‌ని ఇర్విన్ వంశానికి, ఆ పక్కనే ఉన్న లీస్ భూముల్ని బర్నెట్ వంశానికి ఇచ్చాడు. ఇర్విన్‌ల చేతిలో డ్రమ్ 1975 దాకా ఉంది! ఆరున్నర శతాబ్దాలు ఒకే ఇంటివాళ్ళు. అక్కడి రాతి బురుజు 13వ శతాబ్దం నాటిదంటారు. దాన్ని ఆనుకుని 1619లో కట్టిన భవనం ఉంది. ఒకటి ప్రాణం కాపాడుకోవడానికి, రెండోది హాయిగా బతకడానికి కట్టుకున్నది. లోపల నడుస్తుంటే ఆ తేడా మీకే తెలుస్తుంది. బురుజు పైదాకా నాన్నగారు ఎక్కలేరు. ఆయన్ని గులాబీ తోటలో కూర్చోబెట్టండి, పూలు విచ్చే కాలం కూడా అదే.

క్రాథెస్ కోట 16వ శతాబ్దంలో కట్టారు. బ్రూస్ భూమితో పాటు ఇచ్చాడని చెప్పే దంతపు బూరా పెద్ద హాల్లో పొయ్యి పైన ఉంటుంది, తప్పకుండా చూపించండి. అంతకన్నా నాకు ప్రాణం ఆ పైకప్పులు. దూలాల మీద వీరుల బొమ్మలు, మధ్యమధ్య రాతలు. తర్వాతి తరాల వాళ్ళు వాటిని కప్పేస్తే 19వ శతాబ్దంలో మళ్ళీ బయటపడ్డాయి. ఇక్కడ మెట్లు ఇరుకు, గుండ్రంగా తిరుగుతాయి. అమ్మగారిని ముందు నడవనిచ్చి మీరు వెనక ఉండండి. తోటలో గోడల్లా పెరిగిన యూ (ఎప్పుడూ పచ్చగా ఉండే సూదాకుల చెట్టు) కంచెలకి 300 ఏళ్ళు దాటాయి. అక్కడ గంటసేపు ఉన్నా విసుగు రాదు.

రెండో రోజు ఉత్తరంగా ఫైవీ, హాడో హౌస్. ఫైవీలో మెయిన్ మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉంటాయి. మా మామయ్యగారు కష్టపడకుండా ఎక్కింది ఇక్కడే. అమెరికాలో ఉక్కు వ్యాపారంతో సంపాదించిన అలెగ్జాండర్ ఫోర్బ్స్-లీత్ 1889లో ఈ కోట కొన్నాడు. గోడల మీద స్కాట్లాండ్ చిత్రకారుడు రేబర్న్ గీసిన చిత్రాలున్నాయి, నిదానంగా చూడండి. హాడో కోట కాదు, 1730ల్లో విలియం ఆడమ్ డిజైన్ చేసిన భవంతి. క్రిమియా యుద్ధం మొదలైనప్పుడు బ్రిటన్ ప్రధానిగా ఉన్న లార్డ్ అబర్డీన్ ఇల్లు ఇది.

మూడో రోజు పొద్దున్నే క్రెయిగీవార్. గులాబీ రంగు సున్నపు పూతతో కొండవాలు మీద నిలబడి ఉంటుంది. డాన్‌జిగ్ (ఇప్పటి పోలండ్‌లోని గ్దాన్స్క్) రేవుతో వర్తకం చేసి 'డాన్‌జిగ్ విల్లీ' అనిపించుకున్న విలియం ఫోర్బ్స్ 1626లో దీన్ని పూర్తి చేశాడు. లోపలికి గైడ్‌తోనే వెళ్ళాలి, మెట్లు బాగా ఇరుకు. నాన్నగారు బయట నుంచి చూసినా చాలు, దీని అందమంతా బయటే ఉంది.

మధ్యాహ్నం స్టోన్‌హేవెన్ దగ్గర డునాటర్. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన బండ మీది శిథిలాలు. 1651-52లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం ముట్టడిస్తే, స్కాట్లాండ్ కిరీటాన్నీ రాజదండాన్నీ ఖడ్గాన్నీ దొంగచాటుగా దాటించి దగ్గర్లోని కినెఫ్ చర్చి నేల కింద పాతిపెట్టింది ఇక్కడి నుంచే. లోపలికి వెళ్ళాలంటే 200కి పైగా మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి, నాన్నగారికి వద్దు. ఈ కథ చెప్పి, కొండ అంచు దారి నుంచే చూపించండి. గాలి ఎక్కువైతే కోట మూసేస్తారు కూడా.

బ్రిటన్ రాజకుటుంబం విడిది కోట బాల్మొరల్ కోసం ఈ మూడింటిలో ఏ రోజునీ నేను వదులుకోను.

డునాటర్, బాల్మొరల్ తప్ప పైవన్నీ పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ అనే సంస్థ చూసుకునేవే. విడివిడిగా టికెట్లు కొనేముందు మెంబర్‌షిప్ ఎంతో చూడండి, ఇన్ని చూసేవాళ్ళకి అదే కలిసొస్తుంది. అన్నీ వారమంతా తెరిచి ఉండవు కాబట్టి రోజులు చూసుకుని బయల్దేరండి. కేఫ్‌లలో సూపు, స్కోన్ (బన్ను లాంటిది) దొరుకుతాయి గానీ మా అమ్మకి అవి ఆనలేదు. పులిహోర కట్టుకెళ్ళి బయట పచ్చిక మీద కూర్చుని తిన్నాం. గదుల్లో ఉండే వాలంటీర్లని మాత్రం మొహమాటం లేకుండా ప్రశ్నలు అడగండి. అడిగితేనే వాళ్ళు అసలు కథలు చెప్తారు.